ఎత్తు పెంచే పంపు

ప్రాక్టీసు మానేసిన తర్వాత నాకు మిగిలిన పని ఒకటే. కొత్తగా బోర్డు పెట్టుకున్న పిల్లల డాక్టర్లు ఎవరైనా వస్తే టీ పోయించి కబుర్లు చెప్పడం. వాళ్లూ అడిగేది ఒకటే. మీ సర్వీసులో మీకు చుక్కలు చూపించిన కేసు ఏది సార్, అని. నేనేదో నోరు తిరగని జబ్బు పేరు చెబుతానని వాళ్ల ఆశ. ఆస్తమా అంటాను. మొహాలు వాడిపోతాయి. ఇన్‌హేలర్ రాసిస్తే అయిపోయే దానికి చుక్కలెందుకు అన్నట్టు చూస్తారు. రాయడం వరకు నిజమే, అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇన్‌హేలర్ ఒక ఇంటికి పోవాలి. ఇంట్లో నాయనమ్మ ఉంటుంది, దుబాయిలో నాన్న ఉంటాడు, అందరి చేతుల్లో ఫోన్లు ఉంటాయి. నేను చెప్పబోయే కేసులో వీళ్లందరితో పాటు ఇంటి నేల కూడా కలగజేసుకుంది.

నా ఆస్పత్రి జగిత్యాలలో. గురువారం కోరుట్లలో, ఆదివారం సిరిసిల్లలో కూర్చునేవాణ్ని. ఈ మూడు ఊళ్లలో పిల్లల దగ్గుకు కరువు లేదు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచినంతసేపూ నూలు పొడి లేస్తుంది. కోరుట్ల వైపు పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెట్టే రోజుల్లో ఊళ్లకు ఊళ్లే దుమ్ములో ఉంటాయి. జగిత్యాలకు ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు, రోడ్డు చాలు.

కోరుట్ల క్లినిక్‌లో ఒక సిస్టరమ్మ పనిచేసేది. పిల్లలకు పంపు పట్టడం నేర్పేది ఆమే. ఇన్‌హేలర్‌ను మా వైపు అందరూ పంపు అనే అంటారు. ప్లాస్టిక్ గొట్టం బిగించి, నోట్లో పెట్టించి, నొక్కి, పీల్పించి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేదాకా వదిలేది కాదు. ఆమె నవ్వగా నేను చూడలేదు. ఆమె మాటకు పక్కవాళ్లు నవ్వడం మాత్రం రోజూ చూసేవాణ్ని.

పంపులు రెండు రకాలు. ఒకటి ఊపిరి ఆడనప్పుడు అప్పటికప్పుడు కొట్టేది. రెండోది ఏ బాధా లేని రోజు కూడా పొద్దున, సాయంత్రం పీల్చేది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి. గోల అంతా ఈ రెండో దానితోనే. పిల్ల బాగైంది కదా, ఇంకా ఎందుకని ప్రతి తల్లీ అడుగుతుంది. "పొలం పచ్చగున్నదని నీళ్లు బందు పెడ్తవా?" అని సిస్టరమ్మ అడిగేది. ఆ తల్లి పంపు తీసి సంచిలో వేసుకునేది.

రెండో పంపులో కొద్దిగా స్టెరాయిడ్ ఉంటుంది. ఆ మాట నేనెప్పుడూ దాచలేదు. దాచి లాభమూ లేదు. డబ్బా మీద రాసి ఉంటుంది, ఫోన్‌లో వీడియో ఉంటుంది. ఆ వీడియోలు చేసేవాళ్లు ఒక్కసారైనా ఊపిరి అందని పిల్లను ఎత్తుకుని ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు కోపం వచ్చింది.

ఇక ఆ కేసు. మా జగిత్యాల వైపు ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ఊరి నుంచి రెండో తరగతి పిల్లను తల్లి, నాయనమ్మ కలిసి కోరుట్లకు తీసుకొచ్చారు. తండ్రి దుబాయిలో టైల్స్ మేస్త్రి. పెద్ద పెద్ద భవనాలకు నేలలు వేస్తాడు. పిల్లకు మూడేళ్లుగా ఆస్తమా. బళ్లో ఆటల పీరియడ్ వస్తే మిగతా పిల్లలు చెప్పులు విప్పి పరుగెత్తేవారు. వాటికి కాపలాగా ఈ పిల్లను కూర్చోబెట్టేవారు. నడిస్తే ఎగపోసే పిల్లకు టీచరమ్మ దయతో ఇచ్చిన ఉద్యోగం అది.

రోజువారీ పంపు రాశాను. కొన్ని నెలలకు చెప్పుల దగ్గర ఉద్యోగం ఖాళీ అయింది. పిల్ల కూడా చెప్పులు విప్పి పరుగెత్తడం మొదలుపెట్టింది.

అప్పుడు తండ్రికి వీడియో వచ్చింది. ఒక గురువారం తల్లి నా ముందే ఫోన్ పట్టుకుంది. తెర మీద ఎర్ర హెల్మెట్, దాని కింద అలసిపోయిన మొహం.

"సార్, నమస్తే. పంపుల స్టెరాయిడ్ ఉన్నదంట గదా. పిల్లలు పెరుగక గిడ్సబారుతరంట గదా."

నేను నెమ్మదిగానే చెప్పాను. మందు కొంచెమే, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గోళీల్లా ఒళ్లంతా పాకదు. అదుపులో లేని ఆస్తమా కూడా పిల్లల్ని ఎదగనీయదు. కొందరు పిల్లలు మాత్రం ఎత్తులో కొంచెం వెనకబడవచ్చు. "మహా అయితే ఒక సెంటీమీటర్ అటో ఇటో. అంతే" అన్నాను.

"ఒక సెంటీమీటరా?" అన్నాడతను. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ధైర్యం చెప్పగలిగానని నేను సంతోషించాను.

ఫోన్ పెట్టేశాక తల్లి అసలు సంగతి చెప్పింది. "ఆయన పోలీస్ సెలక్షన్లకు పోయిండు సార్. ఉరుకుడుల పాసైండు. హైటు కొలిచేకాడ ఒక్క సెంటీమీటర్ తక్కువున్నదని ఎన్కకు పంపిన్రు. గందుకే దుబాయి పోయిండు. బిడ్డనన్న పోలీస్ చెయ్యాల్నని ఉన్నది ఆయనకు."

ఒక సెంటీమీటర్ చిన్న సంగతని నేను చెప్పింది, ఆ సెంటీమీటర్ దెబ్బకు ఎడారి పాలైన మనిషికి. ఆ వారమే ఇంట్లో పంపు బందు అయింది.

తర్వాత పసుపు రోజులు వచ్చాయి. ఒక గురువారం పొద్దున బళ్లో ప్రార్థన జరుగుతుండగా పిల్ల కూలబడింది. టీచర్లు ఆటోలో వేసుకుని నేరుగా కోరుట్లకు తెచ్చారు. మాట రావడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. ఆక్సిజన్ పెట్టాం, నెబులైజర్ పెట్టాం, ఇంజెక్షన్ ఇచ్చాం.  ఈ పిల్ల పోతుందేమోనని భయపడ్డాను. సిస్టరమ్మ పిల్ల వీపు నిమురుతూ, "పీల్చు బిడ్డా, పీల్చు, ఉరుకుదువు గని" అంటూనే ఉంది. మధ్యాహ్నానికి పిల్ల బన్ను అడిగింది. నేను బయటికి పోయి మొహం కడుక్కున్నాను.

కబురు అంది తల్లి, నాయనమ్మ వచ్చారు. అంతవరకు నోరు తెరవని నాయనమ్మ, ఆ రోజు కోడలి చేతిలో ఫోన్ లాక్కుంది. "ఓ కొడుకా, పోరి పొట్టిదైనా బతుకనీయ్‌రా" అని గట్టిగా అరిచింది. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అవతల మనిషి ఏడుస్తున్నట్టు వినిపించింది.

చివరికి ఒక షరతు మీద రాజీ కుదిరింది. పంపు మళ్లీ మొదలు. ఇంట్లో పిల్లను దర్వాజకు ఆనించి నిలబెట్టి, నెలకోసారి తల పైన పెన్సిల్ గీత గీసి, వీడియోలో చూపాలి. గీత పైకి పోతూ ఉంటే పంపు ఉంటుంది. గీత ఆగితే పంపు ఆగుతుంది. నేనూ ఒప్పుకున్నాను. గీత నిదానంగా కదులుతుందని, అతను తొందరపడకూడదని ఎంత చెప్పాలో అంత చెప్పాను.

కొంతకాలం గీత చీమ నడక నడిచింది. ప్రతి నెలా తల్లి మొహంలో బెంగ కనిపించేది. తర్వాత ఒక గురువారం ముగ్గురూ వెలిగిపోతూ వచ్చారు.

"బెత్తెడు పెరిగింది సార్" అంది తల్లి. "ఆయన మస్తు ఖుషీగున్నడు. పంపు అసలే బందు పెట్టద్దన్నడు."

బెత్తెడు అంటే నాలుగు వేళ్ల వెడల్పు. ఏడాదంతా పెరిగినా అంత పెరగడం కష్టం. మా గోడ మీద కొలబద్ద ఉంది. సిస్టరమ్మ పిల్ల క్లిప్పులు తీయించి, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలిచింది. మళ్లీ కొలిచింది. వయసుకు తగ్గట్టే పెరిగింది, బెత్తెడులో సగం కూడా లేదు.

"సార్, ఈ పోరి ఇంట్ల పెరుగుతుంది, దవఖానల పెరుగుతలేదు" అంది సిస్టరమ్మ.

ప్రేమ ఎక్కువై తల్లి పెన్సిల్ వంచి పట్టుకుని ఉంటుందనుకున్నాను. ఊపిరి బాగుంది, ఎదుగుదల బాగుంది, పంపు సాగుతోంది. నాకు ఇంకేం కావాలి? వదిలేశాను.

ఆ సంగతి సిరిసిల్ల నుంచి తిరిగొచ్చింది. ఒక ఆదివారం, సాంచాలు నడిపించే ఒక ఆసామి తన కొడుకును నా ముందు నిలబెట్టాడు. పిల్లవాడు గుండ్రాయిలా ఉన్నాడు.

"హైటు పంపు రాయిన్రి సార్."

"దగ్గున్నదా?"

"దగ్గెందుకుంటది సార్? హైటే లేదు."

"గీ హైటు పంపు సంగతి మీకెవలు చెప్పిన్రు?"

"మా బామ్మర్ది దుబాయిల ఉంటడు. ఆళ్ల రూముల ఇబ్రహీంపట్నమాయిన ఉన్నడట. ఆయన బిడ్డ మీరిచ్చిన పంపు పీల్చి బెత్తెడు పెరిగిందట గదా. ఫోటో గూడ ఉన్నది సార్" అని ఫోన్ చూపించాడు. దర్వాజ మీద గీతలు. పక్కన నా పేషెంటు నవ్వుతూ నిలబడి ఉంది.

ఆ తర్వాత వారం బోయినపల్లి నుంచి ఇద్దరు తల్లులు వచ్చారు. బుగ్గారం నుంచి వచ్చినతను పిల్లవాణ్ని తేలేదు, తానే వచ్చాడు. పోలీస్ సెలక్షన్లకు తయారవుతున్నాడట. నేను పిల్లల డాక్టర్‌నని గుర్తు చేశాను. "గందుకే అచ్చిన సార్, పెరిగేది పిల్లలే గదా" అన్నాడు. అందరికీ చెప్పిందే చెప్పాను. ఇది ఎత్తు పెంచేది కాదు, ఇంకా కొంచెం తగ్గించవచ్చు అని. ఎవరూ నమ్మలేదు. ఇబ్రహీంపట్నమోళ్లకైతే ఇస్తవు, మాకైతే ఇయ్యవా అని ఒకావిడ తగాదా పెట్టుకుంది. ముప్పై ఏళ్లు ఈ పంపు పట్టించడానికి కాళ్లావేళ్లా పడ్డవాణ్ని, ఇప్పుడు వద్దంటే తిట్లు తింటున్నాను.

కొన్ని రోజులకు సిస్టరమ్మ ఒక కబురు తెచ్చింది. ఎవరో ఏ జబ్బూ లేని పిల్లవాడికి మందుల దుకాణంలో పంపు కొని పొద్దున, సాయంత్రం పట్టిస్తున్నారట. అప్పుడు నాకు నవ్వు పోయింది. ఆ గురువారం క్లినిక్ అయ్యాక కారు తీసుకుని ఆ ఊరికి పోయాను. దర్వాజ చూడాలి.

పాత ఇల్లు. ఎప్పటిదో పొట్టి దర్వాజ. తల వంచి, గడప దాటడానికి కాలు ఎత్తాను. ఎత్తిన కాలు ధబ్బున లోపల పడింది. దాటడానికి అక్కడ గడప లేదు. నేల వచ్చి గడపను కలుపుకుపోయింది. తెల్లటి కొత్త టైల్స్ మెరుస్తున్నాయి. తలుపుల అడుగు భాగం కోసిన గుర్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

నేను దర్వాజ వైపు చూశాను, నేల వైపు చూశాను. తల్లి, నాయనమ్మ, పిల్ల ముగ్గురూ నా వైపు చూశారు.

"పాత బండలు తీసి టైల్స్ ఏసిన్రా అమ్మా?" అని అడిగాను.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లే చెప్పింది. "షాబాదు బండలు కిందనే ఉన్నయి సార్. మీద సిమెంటు పోసి టైల్స్ ఏసిన్రు."

"బండలన్ని తీసినంకనే ఏపియ్యుమన్నడు సార్ మా ఆయన" అంది తల్లి. "మా ఊరి మేస్త్రి, తీసుడు మస్తు పని, మీద ఏస్తె ఏమైతది అన్నడు. ఆయనకు చెప్తే తిడ్తడని చెప్పలే. ఆయన పనే గది గదా. గా నెల ఎప్పటిలెక్కనే పోరిని నిలవెట్టి గీత గీసిన. గీత మీదికి అచ్చింది. నేను అబద్ధం చెప్పలే సార్. గీత చూపిచ్చిన."

అందులో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

"నువ్వు గూడ సప్పుడు చెయ్యలేదా అమ్మా?" అని నాయనమ్మను అడిగాను.

"ఫోన్ల గా గీత చూసి నా కొడుకు నవ్విండు సారూ. ఆడు నవ్వంగ సూడక ఎన్నేండ్లాయె. నవ్వినంక మల్ల ఎట్ల చెప్తం?" అందామె.

పిల్ల నా చొక్కా అంచు పట్టుకుంది. "సార్, డాడీకి చెప్పకున్రి. పంపు బందు చేస్తే నేను మల్ల చెప్పులకాడ కూసోవాలె."

నేను సరే అనబోయాను. కానీ సిరిసిల్లలో, బోయినపల్లిలో ఏ జబ్బూ లేని పిల్లలు గుర్తొచ్చారు. చెప్పక తప్పదన్నాను. మీరైనా చెప్పండి, లేదా నేనైనా చెబుతాను. ఆయన లీవు మీద వచ్చే నెల వస్తున్నాడని, ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చోబెట్టి చెబుతామని తల్లి బతిమాలింది. సరేనన్నాను. వీధిలోకి వచ్చాక పిల్ల నాకు టాటా చెప్పలేదు.

జగిత్యాల చేరేదాకా నాకు మనసు మనసులో లేదు. నిజం చెప్పమని చెప్పివచ్చిన మనిషికి కొంచెమైనా తృప్తి ఉండాలి. నాకు ఆ ఆటో కనిపించింది, అందులో నల్లబడ్డ పెదాలు కనిపించాయి. అతను పంపు ఆపితే ఈసారి ఆటో గురువారమే వస్తుందని నమ్మకం ఏముంది?

తర్వాతి నెలలో ఒక గురువారం నేను ఇంకా కుర్చీలో సర్దుకోకముందే సిస్టరమ్మ లోపలికి వచ్చింది. "సార్, పేషెంటు బిడ్డ. దెబ్బ తండ్రికి" అని పక్కకు తప్పుకుంది.

తండ్రీ కూతురూ వచ్చి కూర్చున్నారు. ఫోన్‌లో చూసిన మొహమే. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి ఉంది. ఆడవాళ్లిద్దరూ వరండాలోనే నిలబడిపోయారు.

"నిన్న అచ్చిన సార్" అన్నాడు. "కారు దిగంగనే ఈ పోరి, డాడీ పట్టుకో అని ఉరికింది. నేను బూట్లతోటే ఎన్క ఉరికిన. ఇంట్ల జొర్రంగ దర్వాజ నెత్తికి తాకింది. పుట్టినప్పటిసంది గా దర్వాజలకేలి తిరిగిన సార్, ఎన్నడు తాకలే. ఈ వయసుల పంపు లేకుండనే నేను గూడ పెరిగిన్నా ఏంది అనుకున్న."

సిస్టరమ్మ గోడ వైపు తిరిగింది.

"కిందికి సూసిన. గడప లేదు. నేను టైల్స్ మేస్త్రిని గదా సార్. ఇగ ఎవ్వలు ఏం చెప్పే పని లేకుంటనే అంత సమజైంది. ఆళ్లు చెప్పుదామనే కూసున్నరట, నా నెత్తి ముందుగాల చెప్పింది." బొప్పి తడుముకున్నాడు. "మా రూమోళ్లకు గూడ నిన్ననే ఫోన్ చేసి చెప్పిన. అది పంపు కాదురా, టైల్స్ అని. ఇప్పుడు ఆళ్లు ఇండ్లల్ల టైల్స్ ఏపిస్తమంటున్రు."

"మీకు గూడ ఎర్కేనట గదా సార్" అన్నాడు తర్వాత. అవునన్నాను. అతను తల ఊపాడు. కోపమో కాదో తెలియలేదు. "ఒక్కసారి నా ముందట కొలువున్రి. నిజంది."

సిస్టరమ్మ పిల్లను గోడకు నిలబెట్టింది. క్లిప్పులు తీసింది. పిల్ల మడమలు ఎత్తలేదు గానీ మెడ మాత్రం ఎంత సాగుతుందో అంత సాగదీసింది. కొలత చెప్పాను. వయసుకు తగిన ఎత్తేనని చెప్పాను.

"పంపు పీల్చకుంటే?"

"ఒక సెంటీమీటర్ ఎక్కువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పెద్దగైనంక గూడ గా తేడా ఉండిపోవచ్చు. గట్టిగ చెప్పలేను" అన్నాను. ఈసారి 'అంతే' అనలేదు.

టేబుల్ మీది చిన్న స్కేలు తీసుకున్నాడు. సిమెంటు తిని పగిలిన బొటనవేలు, చూపుడు వేలు దాని మీద పెట్టి ఒక సెంటీమీటర్ సందు చేశాడు. ఆ సందును కళ్ల ముందుకు తెచ్చుకుని చూశాడు.

"నన్ను ఎన్కకు పంపింది గింతే సార్."

 అనడానికి ముందుసారే చాలా అన్నాను. పిల్ల తండ్రి వేళ్ల వైపే చూస్తోంది. వరండాలో నాయనమ్మ తలుపు సందులోంచి చూస్తోంది.

"నేను పోయేటప్పుడు దీన్ని సంకనేసుకొని బస్టాండుల కూసున్న. నాలుగు అడుగులు ఏస్తే ఎగపోస్తుండె. నిన్న దీని ఎన్క ఉరికితే నాకు అందలే సార్. ఆగుమంటే ఆగలే. నవ్వుకుంట ఉరుకుతనే ఉన్నది."  స్కేలు టేబుల్ మీద పెట్టాడు. వేళ్ల మధ్య సందు మాత్రం అలాగే ఉంది.

"గింత అంటే ఒక టైల్ మందం సార్. ఇన్నేండ్లు పరాయోళ్ల ఇండ్లకు గదే ఏసిన. నా బిడ్డకు గింత తక్కువ పడితే నేను కింద ఏస్త. పంపు రాయిన్రి."

పంపు రాశాను. కింద, ఆయన బొప్పికి పూతమందు కూడా రాశాను.